ఎటు పోతున్నవని అడగొద్దు

మధ్యాహ్నం, వికారాబాద్ స్టేషన్ దాటిన ప్యాసింజర్ బండి. కిటికీ పక్కన తాత అనంతయ్య, ఎదురుగా ఫోను పట్టుకొని మనవరాలు దేవిక. తాత పక్కన ఎవరో ఒకామె.

“గట్ల కాదు బిడ్డా, మొదటికెళ్లి రాయి. ‘అశ్వినీ, నేను మీ తాతను మాట్లాడుతున్న’ అని రాయి.”

“మాట్లాడుతున్న అంటె ఎట్ల తాతా? రాస్తున్న అనాలె.”

“రాసేది నువ్వు. మాట్లాడేది నేను. అబద్ధం రాయకు.”

“సరే. ‘మాట్లాడుతున్న.’ తాతా, ఒక మాట...”

“ఆగు. నడుమ అడ్డం రాకు. నాకు మాటలు ఒక్కటొక్కటే వస్తయి, అడ్డమొస్తె మర్లిపోతయి. రాయి. ‘నువ్వు నా ఫోను ఎత్తుతలేవు. మీ చెల్లెది ఎత్తుతలేవు. తాండూరుల మీ మేనత్త ఇంట్ల తలుపేసుకొని కూసున్నవు. ఇంద్రమ్మ అన్నం పల్లెం తలుపు కాడ పెట్టి అవుతలికి పోతె, అప్పుడు తెరిచి తీసుకుంటున్నవట. నువ్వు పిల్లివా?’”

“పిల్లివా అని రాయాల్నా?”

“రాయి. నవ్వితె నవ్వనియ్.”

“తాతా, నాకొకటి అనిపిస్తున్నది. ఇదంత ఇంద్రమ్మత్తకు ఫోన్ చేసి చదివితె అయిపోతది కదా. మనం పోవుడెందుకు? దిగి ఇంటికి పోదాం.”

“ఎక్కినంక దిగుడేందే! ఫోన్ల చదివితె ఫోన్ల తీరుగనే ఉంటది. మనిషి పోవాలె. నువ్వు తలుపు కాడ నిలవడి చదువు, నేను పక్కన కూసుంట. నాకు దాని మొఖం చూస్తె మాట రాదు, అందుకే ఈడనే చెప్పి పెడుతున్న. పొద్దుగూకక ముందు చదవాలె. గా ఇమానం కెప్టెన్ దానికి ఎప్పుడు ఫోన్ చేస్తనన్నడు?”

“పొద్దుగూకినంక. రేపు పొద్దుగాల ఇద్దర్ని హైదరాబాద్ పిలిచిన్రు. పెద్దాఫీసర్లు కూసొని అడుగుతరట, ఏమైంది, ఎట్లయింది అని. అక్క ఏం చెప్తదో ఆయనకు ఇయ్యాల్నే తెల్వాలెనట.”

“గదే. ఆయన ఫోన్ కంటె ముందు నా మాట దాని చెవుల పడాలె. ఇగ రాయి...”

“ఎటు పోతున్నరు పెద్దాయనా, తాతా మనవరాలు?”

“చూసినవా దేవీ! బండి ఎక్కినా ఇడువరు. అమ్మా, ఏమనుకోకు. నీ పేరేంది?”

“మొగులమ్మ.”

“మొగులమ్మా, పోయేటోళ్లను ఎటు అని అడగొద్దమ్మా. పోయే పని చెడుతది.”

“అయ్యో, ఊకెనే అడిగిన.”

“ఊకెనే అడిగినా చెడుతది. బయల్దేరేటప్పుడు మా పక్కింటి భాగమ్మ గూడ ఊకెనే అడిగింది. గడప దిగిన్నో లేదో, ‘ఎటు పోతున్నవ్ మామా’ అన్నది. ఇగ ఏం చేస్తం? మర్లి ఇంట్లకు పోయిన. కాళ్లు కడుక్కున్న. నీళ్లు తాగిన. మంచం మీద జరసేపు కూసున్న. మల్ల మొదటికెళ్లి బయల్దేరిన. గందుకే టేషన్ల ఉరుకుడే ఉరుకుడు. ఎక్కంగనే బండి కదిలింది. ఆ భాగమ్మ నోరు మంచిది కాదు.”

“ఎక్కుడైతె ఎక్కిన్రు గని, ఈ బండి...”

“జర ఊకో అమ్మా. మా పిల్ల రాస్తున్నది.”

“ఊకుంట తియ్యి. మీ పని చెడగొట్టి నాకేమొస్తది.”

“తాతా, ఆమె ఏందో చెప్తున్నది కదా...”

“నువ్వు రాయి. యాడున్నం?”

“పిల్లివా కాడ.”

“ఆ. ‘నువ్వు నడిపిన ఇమానం...’ ఆగు. నడిపింది అదా, ఆయననా? టీవీల ఒక తీరు చెప్పిన్రు, హోటల్ కాడ ఒక తీరు చెప్పిన్రు. నువ్వు మంచిగ చెప్పు.”

“ఇద్దరుంటరు తాతా. కెప్టెన్ సారు పెద్ద. అక్క పక్క సీటు. ఆ దినం నేల మీద నడిపింది ఆయననే. ఇమానం ఎగిరేటందుకు ఒక పొడుగు రోడ్డు ఉంటది, రన్‌వే. దాని పక్కపొంటి ఇంకో రోడ్డు ఉంటది, ట్యాక్సీవే అంటరు. అది మెల్లగ నడుసుకుంట రన్‌వే కాడికి పోయేందుకే, ఎగిరేందుకు కాదు. తెల్లారలే ఇంక, మంచు పట్టింది. కెప్టెన్ సారు ఒక మలుపు ముందుగాల్నే తిప్పిండు. ట్యాక్సీవే మీద పడ్డరు. గదే రన్‌వే అనుకొని జోరు పెంచిండు.”

“ఎగిరిండ్రా?”

“ఎగరలే. టవర్ల కూసున్నోళ్లు చూసి ఆపుండ్రి ఆపుండ్రి అని మొత్తుకున్నరు. ఆపిన్రు. ఎవ్వలకు ఏం కాలే.”

“ముంగట ఏమన్న ఉండెనా?”

“ఇంకో ఇమానం ఉండె. దూరంల. అది గూడ నిండ జనమే.”

“ఈ రెండు రోడ్లు పక్కపక్కనే ఉంటయంటవ్.”

“పక్కపక్కనే.”

“గయితె ఏందే? వికారాబాద్ టేషన్ల బండ్లు పక్కపక్కన నిలవడయా? ఒకటి తాండూరు పోతది, ఒకటి బీదర్ పోతది. మారి ఎక్కుతమా? అచ్చరం ముక్క రాదు నాకు, నేనే ఎన్నడు మారి ఎక్కలే. రాయి గా మాట.”

“గా మాట వద్దు తాతా.”

“ఎందుకు వద్దు?”

“వద్దు. అక్కకు ఇంకింత బాధ అయితది.”

“కానియ్ జర. రాయి.”

“...రాస్తున్న.”

“ఇగ లైట్ల ముచ్చట ఏందది?”

“రన్‌వే పక్కల తెల్ల లైట్లు ఉంటయి. ట్యాక్సీవే పక్కల నీలం లైట్లు. చూస్తె ఎవలకైన ఎరుకైతది.”

“మరి వీళ్లకు ఎరుక కాలేదా?”

“సారుకు కాలే. అక్క చూసింది.”

“ఏం చూసింది?”

“నీలం లైట్లు. తలుపేసుకునే ముందు నాకు ఒక్కదానికే ఫోన్ల చెప్పింది. ‘చూసిన దేవీ. నోటిదాక వచ్చింది. సారుకు ఎరుకనే ఉంటది అనుకున్న’ అన్నది.”

“అబద్ధం.”

“ఏది తాతా?”

“చూసి ఊకున్నదంటె అబద్ధం. భయానికి ఏదో ఒకటి అంటున్నది పోరి. కెప్టెన్ ఏమంటున్నడు?”

“‘ఇద్దరం చూడలే అని చెప్దాం. మంచుల లైట్లు కానరాలే అందాం. నువ్వు చూసిన అంటె, చూసి ఎందుకు ఆపలే అంటరు, నౌకరి పోతది’ అంటున్నడు.”

“మంచిగనే చెప్పిండు కదా పెద్దమనిషి.”

“అక్క ఒప్పుకుంటలేదు. చూసిన అనే చెప్త అంటున్నది.”

“గందుకే కదా నేను బయల్దేరింది! ఇగ రాయి, ఇది అసలు మాట. ‘రేపు అడిగితె, చూడలే అని చెప్పు.’ రాసినవా?”

“ఊ.”

“‘ఎందుకంటె, చూసి నోరు తెరవలే అంటె లోకంల ఎవ్వలు నమ్మరు. పిస పట్టింది అంటరు. ఇమానం నిండ జనం ఉండంగ, పక్కన తప్పు తొవ్వ పడుతుంటె, నోరున్నోళ్లు ఎవలన్న ఊకుంటరా?’”

“ఉంటరు తాతా.”

“ఉండరు. నా గొర్రె గూడ ఊకుండది. కుల్కచర్ల దిక్కు మంద తోలుకపోయినప్పుడు, ముంగట పొట్టేలు తప్పు దిక్కు మల్లిందనుకో, ఎనకున్న గొర్లు నిలవడి మొత్తుకునేటియి.”

“నిజంగనా? పోయినేడు పొట్టేలు ఎంబడి అన్ని పోయి పక్కోళ్ల కందిచేన్ల పడ్డయి కదా. ఒక్కటన్న మొత్తుకోలే.”

“అది ఏరే ముచ్చట. అప్పుడు ఎండ ఎక్కువుండె.”

“తాతా, చూడలే అని చెప్తె ఏమైతది? ఇంకో నాలుగు లైట్లు పెడ్తరు. లైట్లు బాగైతయి. రేపు అక్క అసొంటి పిల్లనే ఇంకొకతి వచ్చి ఆ సీట్ల కూసుంటది, అది గూడ ఊకుంటది. లైట్లకు ఏమన్న రోగముందా? రోగం నోటికి.”

“పెద్ద మాటలు మాట్లాడకు. ఒక్క మాట అడుగుడు ఎంతసేపు? ‘సారూ, ఎటు పోతున్నవ్’ అనాలె. అయిపాయె. గింత మాటకు నోరు రాదా?”

“ఎట్లొస్తది తాతా?”

“ఎట్లొస్తది ఏందే?”

“చిన్నప్పుడు నాయిన బండి తీస్తుంటె అక్క ‘ఎటు నాయినా’ అన్నదని నువ్వు ఏం చేసినవ్?”

“ఏం చేసిన?”

“గోడకు నిలవెట్టినవ్. నాయిన మర్లొచ్చేదాక. బయల్దేరేటోళ్లను అడిగితె ఏమైతదో ఎరుకనా అని నాకు గూడ చెప్పినవ్. మా ఇద్దరికి ఎవ్వలను ఎటు అని అడుగుడే రాదు తాతా. కాలేజీల దోస్తులు పోతుంటె గూడ అడగ. ‘మంచిగ పోయి రా’ అంట, అంతే.”

“అది గడప కాడి ముచ్చట! ఇమానంల ఎవలు అడగొద్దన్నరు?”

“ఇమానం గూడ బయల్దేరేదే కదా.”

“మాటకు మాట అంటున్నవ్.”

“ఆయన పెద్దోడు. అక్కకు నేర్పినోడు. బయల్దేరి జోరు మీదున్నడు. ఆయనను పట్టుకొని ఎటు పోతున్నవ్ అనాలె. గా మాట అక్క నోట్లకెళ్లి...”

“వస్తది. పానం మీదికొస్తె వస్తది.”

“రాలే తాతా.”

“వస్తది అంటున్న! నా ఇంట్ల పుట్టిన పిల్ల చూసి గూడ మూగదాని తీరు కూసున్నదంటె నేను నమ్మ. ఊర్ల ఎట్ల తిరగాలె నేను? ‘చూడలే’ అంటె పాపం మంచు అంటరు. ‘చూసిన’ అంటె ఏమంటరు? రాయి. ‘నువ్వు చూడలే. నీకు చూసినట్టు అనిపిస్తున్నది. భయానికి గట్ల అనిపిస్తది.’ రాసినవా?”

“ఊ.”

“ధారూరు వచ్చిందా?”

“రాలే తాతా.”

“రావాలె కదా ఇప్పటికి. బండి లేటున్నట్టుంది.”

“బండి లేటు లేదు.”

“మరి ధారూరు యాడికి పోయింది?”

“తాతా, నేనొకటి చెప్పాలె. కోపం చెయ్యొద్దు.”

“ముందుగాల రాసుడు అయిపోనియ్యి. కోపం ఆఖర్ల చేస్త. ఒకసారి చదువు, నేనింట.”

“‘అశ్వినీ, నేను మీ తాతను మాట్లాడుతున్న. నువ్వు నా ఫోను ఎత్తుతలేవు. మీ చెల్లెది ఎత్తుతలేవు. తాండూరుల మీ మేనత్త ఇంట్ల తలుపేసుకొని కూసున్నవు. ఇంద్రమ్మ అన్నం పల్లెం తలుపు కాడ పెట్టి అవుతలికి పోతె, అప్పుడు తెరిచి తీసుకుంటున్నవట. నువ్వు పిల్లివా?’”

“మంచిగుంది. ఇంకా?”

“ఇంకా... సిగ్నల్ లేదు తాతా.”

“రాసింది చదివేందుకు సిగ్నల్ ఎందుకే?”

“జర కాళ్లు తియ్యుండ్రి పెద్దాయనా. మర్పల్లి వస్తున్నది, నేను దిగాలె.”

“ఏమొస్తున్నది?”

“మర్పల్లి.”

“మర్పల్లి తాండూరు తొవ్వల యాడుంది మొగులమ్మా?”

“లేదు. ఇది బీదర్ బండి.”

“బీదర్ బండా! ఇంతసేపు పక్కన కూసొని ఒక్క మాట చెప్పవైతివి?”

“మీరెటు పోతున్నరో అడిగితె కదా చెప్పేది. అడిగిన. అడగొద్దంటివి, పని చెడుతదంటివి. ఇయ్యాలరేపు ఎవలకు మంచి చెప్పొద్దు.”

“దేవీ.”

“ఆ తాతా.”

“దీనికి బోర్డు లేదా?”

“ఉండె. డబ్బకు రాసి ఉండె. బీదర్ అని.”

“నువ్వు చూడలేదా?”

“...చూసిన.”

“ఎక్కినంకనా?”

“ఎక్కకముందే.”

“చదివి ఎక్కినవా!”

“నువ్వు ఎక్కినవ్ కదా తాతా.”

“నేను ఎక్కితె? నాకు చదువొస్తదా? ఒక్క మాట... ‘ఎటు పోతున్నవ్ తాతా’ అని ఒక్క మాట... ఒక్క మాటకు ఎంతసేపే?”

“భాగమ్మను తిట్టుకుంట తిట్టుకుంట ఉరుకుతుంటివి తాతా. నేను గూడ ఎటు అని అడిగితె మల్ల ఇంటికి పోదాం, కాళ్లు కడుక్కుందాం అంటవని. నేను పుట్టినప్పటిసంది పోతున్నవ్ తాండూరు, నీకు ఎరుకనే ఉంటది అనుకున్న. ఇది గూడ పోతదేమో అనుకున్న.”

“కదిలినంక?”

“కదిలినంక ఇంకింత భయమైంది. ఎక్కకముందు ఎందుకు చెప్పలే అంటవని. ఒకటి రెండుసార్లు నోటిదాక వచ్చింది. నువ్వు రాయి రాయి అంటివి.”

“ఎంత దూరం పోతె...”

“ఎంత దూరం పోతె గంత భయమైంది.”

“అశ్విని నీకు ఏమని చెప్పింది? సక్కగ చెప్పు, దాని మాటనే చెప్పు.”

“‘ఎంత జోరైతె గంత నోరు మూసుకపోయింది దేవీ’ అన్నది.”

“దిగుతె దిగుండ్రి, మస్తుసేపు ఆగదు ఈడ. సంచి పట్టుకో పిల్లా. పెద్దాయన చెయ్యి పట్టుకో.”

“దిగుతున్నం మొగులమ్మా.”

“ఇగో, గా బల్ల మీద కూసోండ్రి. వికారాబాద్ పోయే బస్సు దొరుకుతది, రోడ్డు మీదికి నడవాలె. నేను పోతున్న. యాడికి అని అడగకుండ్రి.”

“పోయి రా అమ్మా. ...ఎక్కిరించి పోయింది చూడు.”

“నీళ్లు తాగు తాతా.”

“పొద్దుగూకక ముందు తాండూరు చేరమా?”

“చేరం. వికారాబాద్ పోవుడే మస్తుసేపు పడతది. ఆడికెళ్లి మల్ల తాండూరు.”

“ఊ.”

“కోపం ఆఖర్ల చేస్తనంటివి. చెయ్యి.”

“నీ మీద ఏం చేస్త. భాగమ్మ మీద చేస్త. అంత దానితోనే వచ్చింది. గా మాట అడగకపోయి ఉంటె...”

“తాతా!”

“సరే. భాగమ్మ మీద గూడ చెయ్య.”

“మరి గిప్పుడెట్ల?”

“తుడువు గా మాట. చూడలే అని చెప్పు అన్నది. మొత్తం తుడువు.”

“తుడిచేది ఏం లేదు తాతా. గా మాట నేను రాయలే.”

“ఊ అంటివి కదా!”

“ఊ అన్న. రాసిన అన్లే.”

“అక్కాచెల్లెండ్లు మంచిగ తయారైన్రు. ఒకతి చూసింది చెప్పది, ఒకతి చెప్పింది రాయది. మరి టేషన్ల రెండు బండ్ల ముచ్చట? నేనెన్నడు మారి ఎక్కలే అన్నది?”

“అది రాసిన.”

“అది రాసినవా! అది తుడువు. ...ఆగు. ఉండనియ్. దాని కిందనే రాయి. ‘ఇయ్యాల ఎక్కిన’ అని.”

“‘ఇయ్యాల ఎక్కిన.’”

“ఇగ మెల్లగ చెప్త, రాయి. ఊ అనకు, రాసినంకనే రాసిన అను. ‘బిడ్డా, నువ్వు చూసినవ్. మొన్నటిదాక నేను నమ్మలే.’ మొన్నటిదాక కాదు, ‘మర్పల్లి దాక నేను నమ్మలే.’”

“రాసిన.”

“‘రేపు ఉన్నదున్నట్టు చెప్పు. నీలం లైట్లు చూసిన, సారుకు ఎరుకనే ఉంటది అనుకున్న, నోరు రాలే అని చెప్పు. నౌకరి పోతె పోనీ.’ ఆగు ఆగు. పోతె పోనీ అని రాయకు. గా నౌకరి దానికి పానం. మనమెవలం పోనీ అనెటందుకు? ‘నౌకరి ఉంటదో పోతదో నాకు ఎరుకలేదు’ అని రాయి. అది నిజం.”

“రాసిన.”

“నువ్వు లైట్ల రోగం, నోటి రోగం అని ఏందో అంటివి కదా. అది గూడ ఒక దిక్కు పెట్టు.”

“పెద్ద మాటలు అంటివి కదా దాన్ని?”

“పెట్టుమంటున్న కదా. పెట్టు.”

“సరే. తాతా, ఆ ఆఫీసర్లు నమ్మకపోతె ఎట్ల? నువ్వే నమ్మలేదు కదా.”

“నమ్మకపోతె... ‘మా తాత తాండూరు పోయేటోడు మర్పల్లి టేషన్ల కూసున్నడు, వచ్చి చూసుకోండ్రి’ అని చెప్పుమను.”

“గిది గూడ రాయాల్నా?”

“రాయి. నవ్వితె నవ్వనియ్.”

“రాసిన. అత్తకు ఫోన్ చేస్తున్న.”

“ఇంద్రమ్మను స్పీకర్ పెట్టుమను. ఫోను తలుపుకు ఆనించి పట్టుకోమను. నువ్వు చదువు. గట్టిగ చదువు, ఇది టేషనే, ఎవలేమనుకున్నా మంచిదే.”

“రింగైతున్నది తాతా. మల్ల కెప్టెన్ సారు పొద్దుగూకినంక ఫోన్ చేస్తడు కదా, అప్పుడు అక్క ఆయనకు ఏం చెప్పాలె?”

“ఏం చెప్పొద్దు. మొత్తం ఆయనకు గూడ చదివి వినిపియ్యమను. పాపం, ఎక్కేటప్పుడు నన్నెవలు అడగలే, తిప్పేటప్పుడు ఆయననెవలు అడగలే. ఆయనకు చదివేటప్పుడు మాత్రం అన్నిటికన్న మీద ఒక మాట పెట్టుమను బిడ్డా, మా తాత అడుగుతున్నడు అని చెప్పి చదువుమను: ‘సారూ, ఎటు పోతున్నవ్?’”